తట్టు టీకా వేయించని తల్లిదండ్రులు: కారణాలు, సందేహాలు

గుంటూరు నుంచి నరసరావుపేట పోయే దారిలో నల్లపాడు ఉంది. ఒకప్పుడు విడి గ్రామం. ఇప్పుడు గుంటూరు నగరపాలక సంస్థలో కలిసిపోయింది. సంక్రాంతి వెళ్ళిన దగ్గర నుంచి ఉగాది దాటేదాకా ఈ చుట్టుపక్కల గాలిలోనే మిరపఘాటు ఉంటుంది. కోతలు, కల్లాలు, యార్డుకు పోయే టిక్కీలు, కోల్డు స్టోరేజీల ముందు బారులు తీరిన లారీలు. కూలి బాగా దొరికే నెలలు ఇవే. తట్టు వచ్చే నెలలు కూడా ఇవే. మన దేశంలో ఈ వ్యాధి చలికాలం చివర మొదలై ఎండలు ముదిరేదాకా ఎక్కువగా కనిపిస్తుంది. ఈ రెండు కాలాలు కలిసి రావడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని పిల్లలకు టీకా వేయించని తల్లిదండ్రుల గురించి మాట్లాడదలచినవారు మొదట గమనించవలసిన విషయం ఇది.

ఎందుకంటే ఈ విషయంలో రెండు సులభమైన సమాధానాలు ప్రచారంలో ఉన్నాయి. "ముస్లింలకు మతం అడ్డం, అందుకే వేయించరు" అన్నది బయటివారి మాట. "ఇదంతా మన సంతానాన్ని తగ్గించే ఎత్తుగడ" అన్నది మనవారిలో కొందరి మాట. ఇళ్ళకు వెళ్ళి తల్లులతో మాట్లాడితే ఈ రెండు మాటలూ చాలావరకు నిలబడవు. టీకా పడని పిల్లలందరి వెనుక ఒకే కారణం లేదు. ఉన్న కారణాలలో కొన్ని అపోహలు, కొన్ని న్యాయమైన ఫిర్యాదులు, కొన్ని కేవలం పేదరికం. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి "మూఢత్వం" అని పేరు పెట్టడం వల్ల ఇంతవరకు ఒక్క బిడ్డకైనా మేలు జరిగినట్లు కనిపించదు.

ముందుగా వ్యాధి సంగతి. తెలుగులో తట్టు అంటాము, పొంగు అంటాము. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో ఖస్రా అంటారు. అరబ్బీలో దీని పేరు హస్బా. సుమారు వెయ్యిన్ని నూరేళ్ళ క్రితం రయ్ నగరానికి చెందిన మహావైద్యుడు అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అల్-రాజీ "కితాబుల్ జుదరీ వల్ హస్బా" అనే గ్రంథం వ్రాశాడు. అంతవరకు ఒకటిగా చూడబడుతున్న మశూచిని, తట్టును లక్షణాలను బట్టి వేరుచేసి వివరించిన గ్రంథమది. తరువాతి కాలంలో ఐరోపా భాషల్లోకి అనువాదమై శతాబ్దాల పాటు చదవబడింది. మశూచి కన్నా హస్బాకే ఎక్కువ భయపడాలని ఆయన అభిప్రాయపడ్డాడు. అది వైద్యుడి మాట. మన ఇళ్ళలో నడిచే మాట వేరు: "తట్టే కదా, పిల్లలన్నాక పోయక మానుతుందా?"

టీకా వేయించకపోవడానికి మొట్టమొదటి కారణం ఈ మాటలోనే ఉంది. తట్టును వ్యాధిగా కాక, పళ్ళు రావడం, నడక రావడం లాంటి ఒక దశగా భావించడం. పూర్తిగా "బయటికి పోయాలి" అని, మందు వేస్తే "లోపలికి పోతుంది" అని నమ్మడం. వేపమండలు కట్టడం పక్కింటివారి ఆచారం. తాయెత్తు కట్టించడం మన ఆచారం. డాక్టరు దగ్గరికి ఆలస్యంగా పోవడం మాత్రం ఇద్దరిదీ. ఈ వ్యాసకర్త మేనత్తకు నాలుగేళ్ళ వయసులో తట్టు పోసి ఒక కన్ను పోయింది. ఇంట్లో ఎవరూ దానిని తట్టు చేసిన పనిగా చెప్పుకోలేదు, "దిష్టి తగిలింది" అన్నారు. ఆమె తరువాత పుట్టిన తమ్ముడు తట్టు తగ్గిన మూడు వారాలకు విరేచనాలతో చనిపోయాడు. అతని మరణం విరేచనాల ఖాతాలోకి పోయింది. తట్టు చేసే మోసం ఇదే. అది ఒంటి మీద మచ్చలతో వచ్చి, మచ్చలు మానాక చంపుతుంది. పేరు మాత్రం న్యుమోనియాకో, విరేచనాలకో పోతుంది. వైరస్ శరీరపు రోగనిరోధక శక్తిని దెబ్బతీసి, పాత వ్యాధులతో పోరాడి సంపాదించుకున్న రక్షణను కూడా చెరిపివేస్తుందని ఇటీవలి పరిశోధనలు తేల్చాయి. ఎ విటమిన్ లోపించిన పిల్లల్లో చూపు పోతుంది. వెయ్యిమందిలో ఒకరికి మెదడు వాపు వస్తుంది.

అంటుకోవడంలో దీనికి సాటి వచ్చే వ్యాధులు బహు తక్కువ. రక్షణ లేని పదిమంది పిల్లలు రోగి దగ్గర ఉంటే తొమ్మిదిమందికి వస్తుంది. రోగి గది విడిచి వెళ్ళాక కూడా రెండు గంటల దాకా గాలిలో వైరస్ ఉండగలదు. పైగా మచ్చలు కనబడటానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుతుంది. అంటే "తట్టు పోసింది" అని బిడ్డను వేరుగా పడుకోబెట్టే సమయానికి అది పక్కింటికి చేరిపోయి ఉంటుంది. 1963లో టీకా రాకముందు ప్రపంచంలో ఏటా 26 లక్షలమంది దీనికి బలి అయ్యేవారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2023లో కూడా లక్షకు పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది అయిదేళ్ళలోపు పిల్లలు.

రెండవ కారణం కూలి. మన రాష్ట్రంలో టీకాలు బుధ, శనివారాల్లో వేస్తారు. మిరపకోత కూలి కిలోల లెక్కన. ఆ నెలల్లో ఒక్క పూట పోగొట్టుకోవడం కూడా కష్టమే. "సూదేయిస్తే బిడ్డకి జొరం వచ్చిద్ది సిస్టరమ్మా, రేపు పనికి ఎట్టా పోయేది?" అన్న ప్రశ్నలో మతం లేదు, మూఢత్వం లేదు, లెక్క ఉంది. దూదేకుల కుటుంబమైనా, ఉర్దూ మాట్లాడే కుటుంబమైనా, హిందువులైనా, క్రైస్తవులైనా ఆ లెక్క ఒక్కటే. కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరప, పత్తి పనులకు గుంటూరు, ప్రకాశం పొలాలకు పిల్లాజెల్లాతో తరలివచ్చే కుటుంబాల స్థితి ఇంకా దయనీయం. సొంత ఊరి ఆశా కార్యకర్త పుస్తకంలో ఆ బిడ్డ పేరు ఉంటుంది, బిడ్డ ఉండదు. ఇక్కడ పొలం గట్టున బిడ్డ ఉంటుంది, పేరు ఎవరి పుస్తకంలోనూ ఉండదు.

దీనికి తోడు ఒక చిన్న విషయం ఉంది. చాలామందికి తెలియదు గనుక చెప్పాలి. తట్టు టీకా పొడి రూపంలో సీసాలో వస్తుంది. ద్రవం కలిపాక నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారవేయాలి. ఒక సీసాలో అయిదుగురికో పదిమందికో సరిపడా మందు ఉంటుంది. కాబట్టి ఒక్క బిడ్డే వచ్చినప్పుడు సీసా తెరవడానికి వెనుకాడి, "వచ్చే వారం రామ్మా" అని పంపివేయడం జరుగుతుంటుంది. ఒక్క బిడ్డ కోసమైనా తెరవాలన్నదే నియమం. అయినా మందు వృథా చేశావని పైవారు అంటారేమోనని నర్సుకు భయం. కూలి మానుకొని వచ్చిన తల్లి ఆ వచ్చే వారం రాదు. కాగితం మీద ఆమె "వేయించని తల్లి" అవుతుంది.

మూడవ కారణం సూది తరువాతి జ్వరం. ఈ జ్వరం అదే రోజు రాదు; వారం, పది రోజులకు కొద్దిమంది పిల్లల్లో వస్తుంది. కొందరికి పలుచని దద్దురు కూడా వేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఈ సంగతి ముందుగా చెప్పని చోట తల్లి ఏమనుకుంటుంది? టీకా వేయించినందుకే తట్టు పోసిందనుకుంటుంది. రెండవ సూదికి రాదు. తొమ్మిది నెలలు నిండాక మొదటిది, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండవది వేయించాలి. మొదటి దానితోనే రక్షణ కలగని పిల్లలు వందకు పదిహేనుగురి దాకా ఉంటారు. రెండూ పడితే ఇంచుమించు అందరికీ రక్షణ దొరుకుతుంది. జ్వరం సంగతి చెప్పడానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషం దొరకకనే సగం అపోహలు పుడుతున్నాయి.

అందరి భయమూ అపోహేనని అనడం కూడా న్యాయం కాదు. 2019 మార్చిలో హైదరాబాదు నాంపల్లిలోని ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకు టీకాలు వేశాక, జ్వరానికి ఇచ్చే పారసెటమాల్ బదులు ట్రమడాల్ అనే బలమైన నొప్పిమందు బిళ్ళలు ఇచ్చారు. ఎందరో పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు, మరణాలు కూడా సంభవించాయి. ఆ రోజు వేసింది తట్టు టీకా కాదు, కీడు చేసింది టీకా కానే కాదు. కాని బిడ్డను పోగొట్టుకున్న వీధిలో ఈ తేడాను ఎవరు వింటారు? అటువంటి చోట నమ్మకం తిరిగి రావాలంటే తప్పును దాచకుండా ఒప్పుకోవడం ఒక్కటే దారి.

ఇక సంతానం తగ్గించే మందు అన్న వదంతి. ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976-77 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వీటిలో బలవంతం ఎంతగా ఉండేదో ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు వద్ద జరిగిన సంఘటనలు, హర్యానాలోని ఉట్టావర్ అనే ముస్లిం గ్రామాన్ని పోలీసులు చుట్టుముట్టిన ఉదంతం చెబుతాయి. ఒకసారి ప్రభుత్వపు సూదికి భయపడిన సముదాయం మరో తరంలో మరో సూదిని అనుమానించడం వింత కాదు. పడమటి ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కల మీద ఇదే వదంతి లేచింది. 2002లో దేశంలో సుమారు 1,600 మంది పిల్లలకు పోలియో వచ్చింది, అత్యధికులు ఉత్తరప్రదేశ్ వారే. జనాభాలో తమ వాటాను మించి ముస్లిం పిల్లలు అవిటివారయ్యారు. వదంతి ఎవరిని శిక్షించిందో చూడండి. తరువాత అలీగఢ్, జామియా మిల్లియా, జామియా హమ్దర్ద్ విద్యాసంస్థలవారు, మసీదు ఇమాములు ఇంటింటికీ తిరిగారు. నీళ్ళు, మురుగు కాలువల గురించిన ఫిర్యాదులు కూడా విన్నారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో కనిపించింది. 2014 మార్చిలో పోలియో లేదని ధ్రువీకరణ లభించింది. చుక్కలు తాగిన ఆ తరం ముస్లిం పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులవుతున్నారు. వదంతికి ఇంతకు మించిన జవాబు లేదు.

2017లో తట్టు, రుబెల్లా రెండిటికీ కలిపిన టీకా వచ్చినప్పుడు ఆ పాత అనుమానమే కొత్త దుస్తులు వేసుకొని వాట్సాప్‌లో తిరిగింది. ఫిబ్రవరిలో తమిళనాడు, కర్ణాటకలలో, ఆ తరువాత కేరళలోని మలప్పురంలో తల్లిదండ్రులు వెనుకాడారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆగస్టులో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళలోపు పిల్లలందరికీ బడుల్లో వేశారు. "ఆడపిల్లలకు ఎందుకు వేస్తున్నారు?" అని అడిగినవారికి సూటిగా చెప్పదగిన సమాధానం ఒకటుంది. రుబెల్లా గర్భిణికి సోకితే కడుపులోని బిడ్డ చెవిటిగానో, కంటిలో శుక్లాలతోనో, గుండె జబ్బుతోనో పుట్టవచ్చు. ఈ టీకా సంతానాన్ని ఆపేది కాదు, పుట్టబోయే సంతానాన్ని కాపాడేది. 2019 జనవరిలో ఢిల్లీ హైకోర్టు, తల్లిదండ్రుల అనుమతి లేకుండా బడుల్లో ఈ టీకా వేయరాదని చెప్పింది. కొందరు దీనిని టీకా మీద తీర్పుగా ప్రచారం చేశారు. అది టీకా మీద కాదు, అడగకుండా వేయడం మీద. అడగడం, చెప్పడం, ఒప్పించడం ఆలస్యమయ్యే పనులే. కాని 1976ను మరపించే మార్గం అదే.

మన పాఠకులు ఎక్కువగా అడిగే ప్రశ్న ధర్మసమ్మతానికి సంబంధించినది. టీకాలో పందికి సంబంధించిన పదార్థం ఉంటుందా? ఉంటే వేయించవచ్చునా? దాటవేయకుండా చెప్పుకోవాలి. టీకా చెడిపోకుండా జెలటిన్ అనే పదార్థాన్ని కలుపుతారు. అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. ఇండోనేషియాలో 2017లో జావా ద్వీపంలో కోట్లాది పిల్లలకు ఈ టీకా వేశారు. మరుసటి ఏడు మిగతా ద్వీపాల్లో మొదలుపెట్టేసరికి హలాల్ ప్రశ్న లేచింది. పుణెలో తయారైన ఆ టీకానే అక్కడి ఉలమా మండలి పరిశీలించి 2018 ఆగస్టులో ఫత్వా ఇచ్చింది. తయారీలో పంది నుంచి వచ్చిన పదార్థం వాడినందున అది హరామ్; అయితే దానికి బదులుగా హలాల్ టీకా ఇంకా లేదు, వేయించకపోతే కలిగే ప్రమాదాన్ని నమ్మకస్తులైన నిపుణులు వివరించారు, కనుక అనివార్యత దృష్ట్యా వేయించడం అనుమతించబడింది. ఫత్వా సారం ఇది. దురదృష్టమేమంటే జనం మొదటి సగం విన్నారు, రెండవ సగం వినలేదు. ఆచే ప్రాంతంలో బహు కొద్దిమంది పిల్లలకే టీకా పడింది.

ఇది ఒక మార్గం. ధర్మవేత్తలు చూపిన మరో మార్గం ఉంది. 1995లో కువైట్‌లో ఇస్లామిక్ వైద్యశాస్త్రాల సంస్థ ఏర్పాటుచేసిన సదస్సులో నూరుమందికి పైగా పండితులు చర్చించి, మూలపదార్థం స్వభావమే పూర్తిగా మారిపోయినప్పుడు దాని ధర్మాదేశం కూడా మారుతుందని, జెలటిన్ అటువంటిదేనని అభిప్రాయపడ్డారు. దీనినే ఇస్తిహాలా అంటారు. సారాయి సిర్కాగా మారితే ధర్మసమ్మతమవుతుందన్నది మనకు తెలిసినదే. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ మజ్‌హబ్ గ్రంథాల్లో ఉప్పుగనిలో పడి ఉప్పుగా మారిపోయిన గాడిద ఉదాహరణ ప్రసిద్ధం. జెలటిన్‌లో ఆ మార్పు నిజంగా సంపూర్ణమా అని సందేహించే పండితులూ ఉన్నారు. వారు అనివార్యత సూత్రాన్ని ఆశ్రయిస్తారు. దారులు వేరైనా చేరిన చోటు ఒక్కటే. ఈ సందేహాన్ని నవ్వి కొట్టిపారేసే డాక్టరు తన రోగిని పోగొట్టుకుంటాడు. ఫత్వాలోని మొదటి వాక్యం దగ్గర ఆగిపోయే ఉపన్యాసకుడు కూడా ఒక బిడ్డను ప్రమాదంలో పెడతాడు. హలాల్ పదార్థాలతో టీకా తయారుచేయమని అడగడం మన హక్కు. అది వచ్చేదాకా పసిబిడ్డను రక్షణ లేకుండా ఉంచమని ఆ రెండు మార్గాల్లో ఏదీ చెప్పదు.

మరికొందరు విధివ్రాతను ముందు పెడతారు. "అల్లాహ్ వ్రాసింది జరుగుతుంది, సూదితో ఆగుతుందా?" అని. సిరియాలో ప్లేగు పుట్టినప్పుడు అటు ప్రయాణమైన హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోట ఆగి, సహచరులను సంప్రదించి వెనుదిరిగిన ఉదంతం హదీసు గ్రంథాల్లో ఉంది. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక విధి నుంచి మరో విధి వైపు పోతున్నామని, లోయలో ఒక పక్క పచ్చిక, మరో పక్క బీడు ఉంటే ఒంటెను పచ్చికలో మేపడం కూడా అల్లాహ్ విధేనని ఉమర్ (రజి) భావం. వ్యాధి ఉన్న చోటికి పోవద్దని, ఉన్న చోటు నుంచి పారిపోవద్దని దైవప్రవక్త (స) చెప్పిన సంగతిని ఆ తరువాత అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వినిపించారు. ఆ ఆదేశంలోని రెండవ భాగం గమనించదగినది. తాను తప్పించుకోవడంతో పని తీరదు. తన ద్వారా ఇతరులకు అంటకూడదు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న బంధువుల ద్వారా వచ్చే భయం ఒకటి మిగిలింది, టీకాతో ఆటిజం వస్తుందని. 1998లో లండన్ పత్రికలో పన్నెండుమంది పిల్లల మీద వచ్చిన ఒక వ్యాసం దీనికి మూలం. 2010లో ఆ పత్రికే దానిని ఉపసంహరించుకుంది, వ్రాసిన డాక్టరు పేరును వైద్యుల జాబితా నుంచి తొలగించారు. అయినా అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సోమాలీ ముస్లింల మధ్య ఈ భయాన్ని పనిగట్టుకొని వ్యాపింపజేశారు. 2004లో వారి పిల్లల్లో నూటికి 92 మందికి పడిన టీకా, 2014 నాటికి 42 మందికి తగ్గింది. 2017లో అక్కడ తట్టు రేగినప్పుడు రోగుల్లో అత్యధికులు ఆ పిల్లలే. ఇది ముస్లింలకు మాత్రమే తగిలిన శాపం కాదు. 2025లో టెక్సాస్‌లో తట్టు రేగింది మెన్నొనైట్ క్రైస్తవుల మధ్య; టీకా పడని ఇద్దరు పిల్లలు మరణించారు.

తొమ్మిది నెలలు నిండని పసికందుకు మామూలుగా ఈ టీకా వేయరు. కాన్సర్ మందులు వాడుతున్న బిడ్డకూ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికీ, గర్భిణులకూ వేయరు. చుట్టూ ఉన్నవారిలో నూటికి 95 మందికి రక్షణ ఉంటేనే తట్టు వీరి దాకా రాదు. గోడకు ఆనుకొని గోడ ఉండే మన వీధుల్లో పక్కింటి ఆరు నెలల పాపకు కాపలా మన ఇంటి రెండేళ్ళ పిల్లవాడే. పొరుగువారి హక్కుల గురించి మనం చదివేదీ వినేదీ చాలా ఉంది. ఈ హక్కును ఆ వరుసలో ఎవరూ చెప్పగా ఈ వ్యాసకర్త వినలేదు.

గడువు దాటిపోయిందని ఊరుకోనక్కర లేదు. అయిదేళ్ళు నిండేలోపు ఎప్పుడు తీసుకుపోయినా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా వేస్తారు. రెండు సూదుల మధ్య కనీసం నెల రోజులు ఎడం ఉండాలి. జలుబు, కొద్దిపాటి విరేచనాలు అడ్డం కాదు. గట్టి జ్వరం ఉంటే తగ్గాక వేయించాలి. వెనుకటి సూదికి ఒళ్ళంతా వాచి ఊపిరాడని స్థితి వచ్చి ఉంటే ముందుగా ఆ సంగతి చెప్పాలి. వేశాక అరగంట అక్కడే కూర్చోవాలి. తట్టు వచ్చేసిన బిడ్డకు ఎ విటమిన్ మోతాదులు తప్పనిసరిగా అడగాలి, పాలు, తిండి ఆపకూడదు. పనులకు ఊరు మారేవారు టీకా కార్డును రేషను కార్డుతో పాటు మూటలో పెట్టుకోవాలి. అది ఉంటే నల్లపాడులోనైనా, కోసిగిలోనైనా మొదటి సూది పడిందా లేదా అన్న ప్రశ్నకు తల్లి జ్ఞాపకం మీద ఆధారపడనక్కర లేదు. కార్డు పోయినా సూది వేయకుండా పంపకూడదు. పడిన సూది మరోసారి పడినా బిడ్డకు హాని లేదు.